మా వాడి జూన్ పుట్టినరోజు

మా అబ్బాయికి రెండు పుట్టినరోజులు. దేవుడిచ్చింది అక్టోబరు పంతొమ్మిది. నేనిచ్చింది జూన్ ఒకటి.

దేవుడిచ్చిన దానికి ఇంట్లో పాయసం వండేదాన్ని. నేనిచ్చిన దానికి స్కూల్లో కప్‌కేకులు పంచేవాళ్ళు. చాలా ఏళ్ళు ఇదొక నవ్వులాట మా ఇంట్లో. అమెరికాలో, శాంటా క్లారాలో మా తెలుగు చర్చికి వచ్చేవాళ్ళలో సగం మందికి ఇలాంటి రెండో పుట్టినరోజు ఉండేది, అందరిదీ జూనే. మన దేశంలో బళ్ళు తెరిచేది జూన్‌లో కదా మరి.

మా వాడిని బళ్ళో వేసినప్పుడు నేను గుంటూరు దగ్గర మిషన్ ఆసుపత్రిలో డ్యూటీ నర్సుని. మా ఆయనకి వేరే జిల్లాలో ఉద్యోగం. పిల్లవాడిని చూసేవాళ్ళు లేరు. ఆసుపత్రి గోడ పక్కనే మిషన్ బడి. ఐదు నిండితేగాని ఒకటో తరగతిలో చేర్చుకోనన్నాడు హెడ్‌మాస్టరు. నిండాయి మాస్టారూ అన్నాను. నాలుగు కూడా నిండలేదు. ఆయన వాణ్ణి దగ్గరికి పిలిచి, "కుడిచెయ్యి నెత్తి మీదుగా పోనిచ్చి ఎడమ చెవి పట్టుకోరా" అన్నాడు. ఐదేళ్ళ పిల్లలకి అందుతుంది. వాడు నాలుక బయటపెట్టి, ఒక పక్కకి ఒరిగిపోయి, నానా తంటాలూ పడ్డాడు. అందలేదు.

"అందట్లేదమ్మా" అన్నాడు మాస్టరు.

"పొట్టివాడండీ. మా నాన్న పోలిక" అన్నాను.

ఆయన నా యూనిఫాం వైపు, నా చేతిలో ఉన్న టిఫిన్ క్యారేజీ వైపు చూసి, నవ్వి, జూన్ ఒకటి అని రాసుకున్నాడు. పదహారు నెలలు కలిపేశాం వాడి వయసుకి. ఆ రోజు నేను ఎంత సంతోషంగా డ్యూటీకి పోయానో చెప్పలేను.

తర్వాత అమెరికాలో నర్సులు కావాలంటే దరఖాస్తు పెట్టాను. బడి సర్టిఫికెట్టులో ఉన్న తేదీయే పాస్‌పోర్టులోకి ఎక్కింది. మద్రాసులో వీసా ఆఫీసుకి వెళ్ళేముందు బస్సులో వాడికి బట్టీ పట్టించాను, ఎవరడిగినా జూన్ ఒకటి అని చెప్పాలని. "మరి అక్టోబర్‌లో పాయసం ఉండదా?" అని ఏడుపు మొహం పెట్టాడు. ఉంటుంది నాన్నా, రెండూ ఉంటాయి అన్నాను. అబద్ధమైనా అతికినట్టుండాలంటారు. నాది పద్నాలుగేళ్ళు ఊడకుండా అతికింది.

ఆ తేదీ వల్ల వాడు ఎప్పుడూ తనకంటే పెద్దవాళ్ళ మధ్యే పెరిగాడు. సన్నీవేల్‌లో సాకర్ టీమ్‌లో చేర్చినప్పుడు వరుసలో చిట్టచివర నిలబడేవాడు. కానీ కాళ్ళు! బంతి వాడి కాలికి అంటుకుని వచ్చేది. పెద్దపెద్ద తెల్లపిల్లలు మీదకి వస్తుంటే వాళ్ళ మోకాళ్ళ మధ్యనుంచి జారిపోయేవాడు. గడ్డి మీద మడతకుర్చీ వేసుకుని కూర్చున్న నాకు ఆట ఒక్క ముక్క తెలియకపోయినా, పొట్టోడికి పుట్టెడు బుద్ధులు అని మురిసిపోయేదాన్ని.

వాళ్ళ కోచ్ ముసలి జర్మన్. మెషిన్ షాపులో అచ్చులు చేసే పని. ఎవరినీ పొగడడు. అలాంటివాడు ఒకరోజు నా దగ్గరికి వచ్చి, "ఇతనికి ఇక్కడ ఇక నేర్పడానికి నా దగ్గర ఏమీ లేదు" అన్నాడు. అప్పటికి అమెరికాలో ఉన్న ప్రొఫెషనల్ సాకర్ లీగ్ మూతపడి ఏడాది దాటింది. మా వాడు ఆ వార్త విన్నరోజు అన్నం మానేశాడు. కోచ్ జర్మనీలో తన ఊళ్ళో ఉన్న పెద్ద క్లబ్‌కి ఉత్తరం రాశాడు. ఒక వారం వాళ్ళ యూత్ టీమ్‌తో ప్రాక్టీస్ చేయనిస్తామని, నచ్చితే మాట్లాడదామని జవాబొచ్చింది. చివరి రోజు జరిగే మ్యాచ్‌కి టికెట్లు కూడా ఇస్తామన్నారు. పక్క ఊరి క్లబ్‌తో మ్యాచ్, తరాలనాటి పగ.

"బంతి తంతే కూడు పెడతారా ఎవరన్నా? కాలేజీ అప్లికేషన్లు నింపుకోమను" అన్నాడు మా ఆయన.

"మీరు నోరు మూసుకోండి. వాడి జన్మకి ఒక్కటే అడిగాడు" అన్నాను. ఆసుపత్రిలో సెలవు పెట్టి వాణ్ణి తీసుకుని నేనే బయల్దేరాను. చర్చిలో అందరూ మా కోసం మోకరించి ప్రార్థన చేశారు.

ఏప్రిల్ నెల. అది బొగ్గుగనుల ప్రాంతం, ఆకాశం కూడా మసిబట్టినట్టే ఉంది. పెద్ద క్లబ్బంటే ఏదో రాజమహల్ అనుకున్నాను. కంచె, రెండు బురద మైదానాలు, తడి బూట్లు ఆరేసిన ఒక పొడుగు షెడ్డు, అంతే. కోచ్ చెల్లెలు అక్కడ స్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడ ఇంట్లోనే దిగాం, ఆవిడే మాకు నోరు. యూత్ ట్రైనర్ ఎర్రటి మొహం, మెళ్ళో విజిల్, నవ్వంటే తెలియదు. మొదటిరోజు మా వాణ్ణి ఇద్దరు కలిసి బురదలో పడేశారు. వాడు లేచి, మూతి తుడుచుకుని, మళ్ళీ బంతి అడిగాడు. మూడోరోజుకి ఆ పిల్లలు వాడికే బంతి ఇస్తున్నారు. నాలుగోరోజు ట్రైనర్ రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర మా వాడు, "మమ్మీ, ఐ థింక్ వాళ్ళకి నేను నచ్చాను" అని మెల్లగా అన్నాడు, గట్టిగా అంటే చెడిపోతుందేమో అన్నట్టు.

శుక్రవారం నన్నూ కోచ్ చెల్లెలినీ ఆఫీసు గదిలోకి పిలిచారు. మా వాడు స్నానం చేస్తున్నాడు. ట్రైనర్ చెబుతుంటే ఆవిడ నాకు ఇంగ్లీషులో చెప్పింది. కాళ్ళు చాలా బాగున్నాయి, ఒళ్ళు ఇంకా గట్టిపడాలి, యూత్ టీమ్‌లో ఇంకొక్క సీజన్ ఆడితే తయారవుతాడు, ఆ సీజన్ మేమిస్తాం, ఉండటానికి ఒక కుటుంబాన్ని కూడా చూశాం అని. నేను లోపల స్తోత్రం దేవా, స్తోత్రం అనుకుంటూనే ఉన్నాను. ఫారం నింపాలి, పాస్‌పోర్టు ఇవ్వమన్నారు. ఇచ్చాను.

ఆయన తెరిచాడు. చూశాడు. కలం పక్కన పెట్టాడు.

వచ్చే జూన్‌కి పంతొమ్మిది నిండుతాయి, యూత్ వయసు దాటిపోయింది, పెద్దల టీమ్‌కి ఇప్పుడే పనికిరాడు, ఇక చేసేదేమీ లేదు. ఇదీ ఆయన మాట.

"అది తప్పు తేదీ! వాడికి పదిహేడున్నర. నేను కన్నాను, నాకు తెలీదా?" అని అరిచాను. బడి, మాస్టరు, చెవి అందకపోవడం అన్నీ చెప్పాను. కోచ్ చెల్లెలు తడబడుతూ జర్మన్‌లో చెబుతుంటే ఆయన మొహంలో కోపం కూడా రాలేదు. వయసు తగ్గించి చెప్పే తల్లిదండ్రులు ప్రతి ఏడూ వస్తారట ఆయన దగ్గరికి. ఏదైనా కాగితం ఉందా అన్నాడు. మా ఊరి చర్చిలో బాప్తిస్మం రిజిస్టరు ఉంది, ఇండియా నుంచి తెప్పిస్తాను అన్నాను. సరే, తెప్పిస్తే చూస్తాం, అయితే ఒకటి చెప్పండి, అమెరికా ప్రభుత్వానికి ఇచ్చిన కాగితాల్లో ఏ తేదీ రాశారు అని అడిగాడు.

జూన్ ఒకటి. ప్రమాణం చేసి, సంతకం పెట్టి రాశాను. సిటిజన్‌షిప్ దరఖాస్తులు కూడా అప్పుడే వేసి ఉన్నాం, వాటిలోనూ అదే. రిజిస్టరు తెప్పించి నిజం నిరూపించుకుంటే, అక్కడ దొంగప్రమాణం చేసినదాన్ని నేనే అవుతాను. నా ఉద్యోగం, మా ఆయన ఉద్యోగం, ఇల్లు అన్నీ కళ్ళముందు తిరిగాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పాస్‌పోర్టు తీసుకుని బ్యాగులో పెట్టుకున్నాను.

"ఏం చెప్పారు? మమ్మీ, టెల్ మీ" అని వాడు తలుపు దగ్గరే పట్టుకున్నాడు, జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"రేపు చెబుతారట" అన్నాను.

మర్నాడు మ్యాచ్. స్టేడియం అంతా ఎరుపు. ఒక మూల కంచె వెనక పక్క ఊరివాళ్ళు, నల్లటి మఫ్లర్లతో. కోచ్ చెల్లెలి మరిది ఆ నల్ల మఫ్లర్లవైపు మనిషట, ఈ మ్యాచ్ ఉన్న వారం ఇద్దరూ ఫోన్‌లో కూడా మాట్లాడుకోరట. మా పక్క సీట్లో ఒక ముసలావిడ, ఒళ్ళో అల్లికసంచీ పెట్టుకుని, వాళ్ళని తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతోంది. భాష తెలియకపోయినా తిట్లు తెలిసిపోతాయి, మా ఊళ్ళో కుళాయి దగ్గర వినలేదా ఏమిటి. ఇంకొకప్పుడైతే నవ్వేదాన్ని. మా వాడు మాత్రం రెప్ప వేయకుండా ఆ పచ్చగడ్డి వైపే చూస్తున్నాడు, అది తన ఇల్లైనట్టు.

ఇంటర్వెల్‌లో నా వైపు తిరిగాడు. "ప్లీజ్ మమ్మీ. నీకు తెలుసు. నీ ఫేస్ చూస్తే తెలుస్తోంది."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. దేవుడి తోడు, వచ్చింది. చెబితే వాడు నన్ను ఎలా చూస్తాడో ఆ చూపు ముందే కనిపించింది నాకు. సిటిజన్‌షిప్పూ గిటిజన్‌షిప్పూ కాదు, ఆ చూపుకి భయపడ్డాను.

"నువ్వు పొట్టిగా ఉన్నావట నాన్నా. ఈ ఆటకి సరిపోవట" అన్నాను.

కోచ్ చెల్లెలికి తెలుగు రాదు. అయినా నా మొహం చూసి తల తిప్పేసుకుంది.

వాడు తలూపాడు. "ఓకే. ఐ న్యూ ఇట్" అన్నాడు. మళ్ళీ ఆట మొదలైంది. ఇంకా ఇరవై నిమిషాలుందనగా ఎర్రచొక్కాలవాళ్ళు ఒకణ్ణి మార్చి కొత్తవాణ్ణి దింపారు. స్టేడియం అంతా వాడి పేరు ఎత్తుకుంది. గిడసబారిన మనిషి, పక్కనున్న వాళ్ళ భుజాలకి వస్తాడు. వాడు బంతి తీసుకుని, ఒకణ్ణి దాటి, ఇంకొకణ్ణి దాటి, గోల్ కొట్టేశాడు. జనం ఒకళ్ళమీద ఒకళ్ళు పడ్డారు. ముసలావిడ మా వాణ్ణి లాక్కుని బుగ్గ మీద ముద్దు పెట్టేసింది. వాడు కదల్లేదు.

"మమ్మీ, హీ ఈజ్ షార్టర్ దాన్ మీ" అన్నాడు.

నేను స్కోరుబోర్డు వైపు చూశాను.

"సో, సైజ్ కాదు. నన్ను హర్ట్ చేయకూడదని చెప్పావు కదా? నేను గుడ్ కాదు, అంతే కదా?"

"ఆట చూడు" అన్నాను. తల్లినేనా నేను? ఆట చూడు అన్నాను.

ట్రామ్‌లో కోచ్ చెల్లెలు నా చెయ్యి పట్టుకుని, పిల్లవాడికి నిజం చెప్పండి అంది. చెబుతానన్నాను. విమానంలో చెబుదామనుకున్నాను, వాడు నిద్రపోయాడు, నిద్ర నటించాడో. ఇంటికొచ్చాక చెబుదామనుకున్నాను. ఇంటికొచ్చిన వారానికి వాడు బూట్లని పాతబట్టలతోపాటు చర్చి విరాళాల డబ్బాలో వేసేసి వచ్చాడు. కోచ్ రెండుసార్లు ఫోన్ చేస్తే, చదువుకోవాలి అన్నాడు. మళ్ళీ బంతి ముట్టలేదు. ఇప్పటికీ టీవీలో ఆట వస్తే ఛానెల్ మారుస్తాడు. నేనిప్పటికీ చెప్పలేదు. రోజు గడిచేకొద్దీ చెప్పడం తేలికవుతుందనుకున్నాను. కాలేదు, కాదు కూడా.

అన్నిటికంటే నన్ను తినేసేది శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగినప్పటి ఆ రెండు నిమిషాలు. ఇమ్మిగ్రేషన్ కౌంటరు దగ్గర ఆఫీసరు పాస్‌పోర్టు తిప్పుతూ వాణ్ణి పుట్టినతేదీ అడిగాడు.

"జూన్ ఫస్ట్" అన్నాడు వాడు తడుముకోకుండా, నేను బస్సులో నేర్పినట్టే.

"జర్మనీలో ఏం చేశావు?"

"నథింగ్. జస్ట్ ఒక గేమ్ చూశాం."

ఆఫీసరు స్టాంపు వేసి, మళ్ళీ తేదీ వైపు చూసి, ముందుగానే హ్యాపీ బర్త్‌డే అని నవ్వుతూ పాస్‌పోర్టు చేతికిచ్చాడు. మా వాడు థాంక్యూ అన్నాడు.