గట్టున పోసిన కాయ

నరసరావుపేటలో మాచర్ల బస్సెక్కిన దగ్గర్నుంచీ నా కళ్ళు ఫోన్‌లోనే ఉన్నాయి. ఆన్‌లైన్ సర్వేలు నింపితే డబ్బులిచ్చే సైటు అది. ఖాతాలో అయిదొందలు చేరితేనే చేతికిస్తామన్నారు. తీరా చేరబోయేసరికి ఆ హద్దును వెయ్యికి పెంచారు. ఘాటుగా ఫిర్యాదు రాసి పంపాను. జవాబు వచ్చేలోగా ఖాళీగా ఎందుకని ఇంకో సర్వే మొదలుపెట్టాను.

పక్క సీట్లో ఒకావిడ, మిరప కోతలకు పోయే మనిషి, ఒళ్ళో క్యారేజీ పెట్టుకుని నన్నే చూస్తోంది.

"ఏందమ్మా, ఆ ఫోన్‌తో అంత తగువు?"

సంగతి చెప్పాను.

"తగువు పడతానే పని చేస్తన్నావా?"

"ఆపితే చేసిందంతా పోద్దేమో పిన్నీ."

"మాకూ ఒక రైతు సగం చేను కోసినాక కూలి మాట మార్చాడు. మేం అరవలా. కోసిన కాయ గట్టున పోసి పక్కనే కూర్చున్నాం. మాట తేలిందాకా చెట్టు మీద చెయ్యి పడలా. చెట్టున మిగిలిన కాయ ఆయనకే దిగులు, మాకేంది?"

అంటూనే నా ఫోన్‌ను నా ఒళ్ళోనే బోర్లించింది. గురజాలలో దిగిపోయింది.

కొన్నాళ్ళకు సైటు వాళ్ళు మెయిల్ పెట్టారు. మీ అభిప్రాయం మాకు చాలా విలువైనది, సర్వేలు ఎందుకు మానేశారు అని.

ఒక్క వాక్యం రాశాను. "కాయ గట్టున ఉంది, మాట తేల్చండి."