అమ్మ గొంతు, ఖాళీ ఫారం

ఈ సంగతి ఇంతకుముందే రాయాల్సింది. రాయలేకపోయాను, ఎందుకంటే యాభై రెండేళ్లు వచ్చేదాకా నాకు అక్షరాలు రావు. అంతకన్నా సిగ్గుపడాల్సింది ఇంకొకటి ఉంది. చదువు వచ్చని అమ్మతో అబద్ధం చెప్పాను.

మాది కాటన్‌పేట వెనక సందు. చుట్టూ కన్నడం, ఇంట్లో తెలుగు. అమ్మ ఇంట్లోనే ఊదుబత్తులు చుట్టేది. నేను రెండో తరగతిలో ఉండగా బడి మాన్పించి, తన పక్కన పీట వేసి కూర్చోబెట్టింది. బొగ్గుపొడి, జిగురుపొడి కలిపిన ముద్దను వెదురుపుల్లలకు చుట్టీ చుట్టీ నా అరచేతులు నల్లబడ్డాయి. నేర్చుకున్న నాలుగు అక్షరాలు ఎప్పుడు పోయాయో తెలియదు. నేను పెద్దదాన్నయ్యాక అమ్మ ఆ మాట తలుచుకుని ఏడ్చేది. ఒక కాలేజీ లైబ్రరీలో నాకు అటెండరు పని దొరికిన ఏడాది, ఆ ఏడుపు చూడలేక అనేశాను.

"ఊరుకోమ్మా. అక్కడ పనిలో నేర్చుకుంటిని. ఇప్పుడు చదివేది వస్తాది నాకు."

ఆ రోజు నుంచి ఆ మాటను కాపాడుకుంటూ వచ్చాను. ఇంటికి పెళ్లిపత్రిక వస్తే ముందు మూలమీది మందుల అంగడాయన చేత చదివించుకుని, ఇంట్లో దాన్ని ముందు పెట్టుకుని అమ్మకు వినిపించేదాన్ని. లైబ్రరీలో అంకెలు గుర్తుపట్టి పుస్తకాలు సర్దేదాన్ని. అంతకుమించి నన్నెవరూ ఏమీ అడగలేదు.

కొన్నేళ్ల కిందట మా లైబ్రరీ వాళ్లు ఊళ్లోని పాత చేతిపనుల వాళ్ల మాటలు రికార్డు చేసి కంప్యూటర్లో దాచడం మొదలుపెట్టారు. అప్పటి పెద్ద మేడమ్ అమ్మను కూడా రమ్మన్నారు. అమ్మ పెట్టెలోని చీర తీసి కట్టుకుని వచ్చి, అద్దాల గదిలో గంటసేపు మాట్లాడింది. నేను బయట నిలబడ్డాను. పెదవులు కదలడం కనిపించింది గాని మాట వినపడలేదు.

గదిలోంచి రాగానే మేడమ్ నా చేతిలో ఒక ఫారం పెట్టారు. మాట్లాడింది ఎవరు, ఏ ఊరు, ఏ భాష, దేని గురించి, అన్నిటికీ గడులు.

"ఇది నువ్వే నింపి ఇవ్వు. తెలుగులో రాసినా సరే. ఇది లేకపోతే రికార్డు ఉన్నా లేనట్టే" అన్నారు.

అమ్మ నా భుజం మీంచి తొంగిచూసింది. "ఏమే, ఇన్ని గడులుండాయి! రేషన్ కార్డుకు గూడా ఇన్ని అడగలేదు గదా. రాసియ్యి పాపా, మేడమ్ కాచుకోనుండారు."

నాకు రాదని ఒక్క మాట అంటే మేడమే అడిగి రాసుకునేవారు. కానీ అమ్మ పక్కనే ఉంది. "రేపు రాసిస్తాను మేడమ్" అని మడిచి సంచిలో పెట్టుకున్నాను.

మందుల అంగడాయన చేత రాయించుకోవచ్చు. పెళ్లిపత్రిక చదివి పెట్టమనడం వేరు. అమ్మ పేరైనా రాయలేనని ఆయన ముందు నిలబడడం వేరు. అంగడి దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి వచ్చాను. మూడోరోజు అందరూ భోజనానికి వెళ్లినప్పుడు, మేడమ్ బల్లమీద నింపిన ఫారాల కట్ట మధ్యలోకి ఆ ఖాళీ కాగితాన్ని దోపాను.

"రాసిచ్చినావా?" అని అడిగింది అమ్మ ఆ సాయంత్రం.

"ఇచ్చేసినా."

ఆ నెలలోనే మేడమ్ పని మాని వెళ్లిపోయారు. ఫారాలన్నీ బయటివాళ్ల చేత టైపు చేయించారు. మరుసటి ఏడాది అమ్మ పోయింది. ఫోన్‌లో ఫొటోలు మిగిలాయి. గొంతు ఎక్కడా లేదు.

ఇక అబద్ధం చెప్పాల్సిన మనిషి లేదు. మడివాళలో మా చర్చి పక్కగదిలో, ఆదివారం ఆరాధన అయ్యాక ఒక నర్సమ్మ పెద్దవాళ్లకు చదువు చెబుతుంటే వెళ్లి కూర్చున్నాను. కూడబలుక్కోకుండా చదవడానికి రెండేళ్లు పట్టింది. వచ్చిందనుకున్న వెంటనే లైబ్రరీలో కంప్యూటర్ విభాగం చూసే అమ్మాయి దగ్గరికి వెళ్లాను. ఆమెది గుంటూరు వైపు.

"కూర్చోండి ఆంటీ. మీరే టైప్ చేయండి" అని కుర్చీ ఇచ్చింది.

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ అమ్మ పేరు కొట్టాను. తెరమీద రెండు మాటలు వచ్చాయి. నేనే చదివాను. "ఫలితాలు లేవు." కంప్యూటర్ మీద నా అంతట నేను చదివిన మొదటి మాటలు అవే.

ఊదుబత్తి అని కొట్టాను. వేరే ఆడవాళ్లు వచ్చారు. అమ్మ రాలేదు.

"కంప్యూటర్ ఆడియో వినదు ఆంటీ. మనం ఆ గడుల్లో ఏం రాశామో దాంట్లోనే వెతుకుతుంది. మెటాడేటా అంటాం. ఎవరో బద్ధకానికి ఫారం ఖాళీగా పడేసి ఉంటారు."

"నేనేనమ్మా" అన్నాను.

ఆమె కీబోర్డు తన వైపు జరుపుకుంది. తర్వాత తనే "వివరాలు లేవు" అని కొట్టింది. ఖాళీ ఫారాల రికార్డులకు టైపు చేసినవాళ్లు ఆ మాటే పెట్టారట. పేజీల నిండా ఒట్టి నంబర్లు వచ్చాయి.

"ఒక్కొక్కటీ వినాల్సిందే. రోజూ లంచ్ టైమ్‌లో రండి."

రోజూ వెళ్లాను. కుండలు చేసే ఆయన కన్నడంలో, పూలు కట్టే ఆమె తమిళంలో. అందరూ పేరు లేని గొంతులే. వీళ్ల ఫారాలు ఎందుకు ఖాళీగా వచ్చాయో అనుకునేదాన్ని. పదకొండో రోజు ఇయర్‌ఫోన్‌లో ఒక దగ్గు వినిపించింది. బొగ్గుపొడి దగ్గు. మాట కంటే ముందు దాన్ని గుర్తుపట్టాను.

రికార్డులో మేడమ్ అమ్మ పేరు అడిగారు.

"అవన్నీ నా కూతురు రాసిస్తాది తల్లీ. అదో, బయట నిలబడుకోనుండాది చూడు. చిన్నప్పుడు దాని బడి నేనే మాన్పిస్తిని. ఆ బాధ నన్ను తింటా ఉండె. ఇప్పుడు తనంతట తానే నేర్చుకునింది. ఈ పుస్తకాలన్నీ చదివేసుంటాది." అమ్మ నవ్వింది. "ఇంక నాకేమి బాధ లేదు."

తర్వాత గంటసేపు ముద్ద ఎట్లా కలపాలో, వానాకాలంలో పుల్లలు ఎట్లా ఆరబెట్టాలో చెప్పింది. పేరు మాత్రం ఎక్కడా చెప్పలేదు. నేనే రాస్తానన్న నమ్మకంతో చెప్పలేదు. నా అబద్ధం వల్ల అమ్మ బాధ తీరిందని ఆమె నోటితోనే విన్నాను. విని సంతోషించాల్సింది. ఇయర్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టి, రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాను.

ఆ అమ్మాయి కొత్త ఫారం తెచ్చింది. "పేరు ఒక్కటే రాసి వదిలేయకండి ఆంటీ. మీ అమ్మగారు ఎవరో తెలియనివాళ్లు ఏ మాట కొట్టి వెతుకుతారో అవి కూడా రాయండి. రికార్డులో చెప్పిన దాంట్లో ఏదైనా తప్పుంటే చివర 'గమనిక' గడిలో రాయాలి. ఇంటికి తీసుకెళ్లి మెల్లగా రాస్తారా?"

వద్దన్నాను. ఆ కాగితాన్ని మళ్లీ సంచిలో పెట్టుకోవడానికి భయమేసింది.

మరుసటి ఉదయం తాళం తీసే వేళకే వెళ్లి ఆ బల్ల ముందు కూర్చుని రాశాను. అమ్మ పేరు రాశాను. దాన్ని ఇక్కడ చెప్పను, ఉండాల్సిన చోట ఉంది. ఊరు, భాష, ఊదుబత్తులు చుట్టడం, బడి మానిన ఆడపిల్లలు, అన్నీ రాశాను. 'గమనిక' గడిలో, "ఈమె కూతురికి అప్పటికి చదువు రాదు" అని రాసి ఇచ్చాను.

ఆ అమ్మాయి టైపు చేస్తూ చేస్తూ చివరి గడి దగ్గర ఆగి నా వైపు చూసింది.

"ఇది కూడా పెట్టమంటారా ఆంటీ?"

"పెట్టమ్మా" అన్నాను.