అవతలి హ్యాండిల్

మా ఇంటి హాల్లో మూడు పెట్టెలున్నాయి. మా ఆవిడ వాటిని గ్యాసు బండలంటుంది. ఇల్లు ఊడ్చినప్పుడల్లా చీపురుతో ఒక్కోదాన్ని తట్టి, "నిజం గ్యాసు బండలే నయం, వంటన్నా అయితది" అని వెళ్లిపోతుంది. అవి గిటార్ సౌండు పెంచే ఆంప్లిఫయర్లు, మేం ఆంప్‌లంటాం. పాతకాలం రేడియోల్లో ఉన్నట్టు వాటి లోపల గాజు వాల్వులుంటాయి. స్విచ్చి వేస్తే మెల్లగా ఎర్రబడతాయి, వేడెక్కితే గానీ పలకవు. దిల్‌సుఖ్‌నగర్‌లో దొరకని వస్తువు ఉండదంటారు గానీ, ఒక్క వాల్వు కోసం నేను అక్కడ ఎక్కని షాపు మెట్టు లేదు, ఎవరూ ఇవ్వలేదు. అడిగితే నీళ్ల పంపుకు పెట్టే వాల్వు తీసి చూపిస్తారు.

కొత్తపేటలో మేముండే బిల్డింగుకు లిఫ్టు లేదు, మాది మూడో అంతస్తు. పెళ్లిళ్లకూ ఫంక్షన్లకూ పాటలు పాడే పార్టీలో నేను గిటార్ వాయిస్తాను. యాభై దాటాయి. పొద్దున లేస్తే నడుం పట్టేస్తుంది, మధ్యాహ్నానికి వదులుతుంది, సాయంత్రం ఫంక్షనుకు మళ్లీ పట్టేస్తుంది. ఇలా ఉండగా ఒకరోజు మా పార్టీ ఓనర్ ఫోన్ చేశాడు.

"అన్నా, వ్యాను తీసేసిన. ఇగ కారులనే పోవుడు. నీ పెద్ద డబ్బా అండ్ల పట్టది. అదే గావాలంటే ఎన్కనించి ట్రాలీ ఆటో పెడ్తా, నువ్వూ నీ దోస్తూ అండ్ల రాండ్రి. లేకుంటే ఒక్క చేత్తోని పట్కొచ్చేది చూస్కొని నువ్వొక్కనివే కారుల రా. ఏదైనా సరే, సౌండు ఎవడు వింటుండు?"

ఆ ఆఖరి మాటకు ఒళ్లు మండింది. వినేవాడు ఒకడున్నాడు. ఆ దోస్తే.

మేమిద్దరం పోచంపల్లి దిక్కు నేత ఇళ్లలో పుట్టినవాళ్లం. మా దగ్గర నూలు మగ్గానికి ఎక్కించే ముందు పడుగును వీధి పొడవునా లాగి సాపు చేస్తారు. ఒక కొస ఒకరు, రెండో కొస ఇంకొకరు పట్టుకోవాలి. ఇటు ఎక్కువ గుంజినా, అటు వదులు చేసినా పోగులు తెగుతాయి, పెద్దవాళ్ల చేతిలో వీపు చింతపండవుతుంది. ఆ పనిలోనే మాకు దోస్తీ కుదిరింది. పట్నం వచ్చాక నేను గిటార్ పట్టుకున్నాను, అతను ఢోలక్ పట్టుకున్నాడు. ఇద్దరం ఒకే పార్టీలో చేరాం.

తర్వాత ఢోలక్‌కు కాలం చెల్లింది. కీబోర్డు వాయించేవాడే ఒక్క వేలితో ఢోలకూ తబలా అన్నీ పలికించడం మొదలుపెట్టాడు. ఓనర్ ఢోలక్‌ను పక్కన పెట్టాడు గానీ మనిషిని పెట్టలేకపోయాడు. ఎందుకంటే నా పెద్ద ఆంప్‌కు రెండు పక్కలా రెండు హ్యాండిళ్లున్నాయి. ఇటువైపుది నాది, అవతలిది అతనిది. ఇంకెవరు పట్టినా ఆ పెట్టె ఒక పక్కకు ఒరిగిపోతుంది. మెట్ల మీద అతను వెనక్కు నడుస్తూ దిగుతాడు, నేను పైనుంచి ఆపుతూ దిగుతాను. కిందికి చేరాక అతను "దించు" అంటాడు. అప్పుడే దించాలి, అంతకుముందు కాదు. స్టేజీ మీద అతని చేతికి ఏదో గలగలలాడేది ఇచ్చి ఒక మూల నిలబెట్టేవారు. అతన్ని ఎందుకు పిలుస్తున్నారో పార్టీలో అందరికీ తెలుసు, అతనికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

మొన్న వానాకాలంలో అతనికి ఛాతీలో నొప్పి వచ్చింది. దవాఖానలో స్టెంటు వేశారు. బరువులు ఎత్తొద్దని గట్టిగా చెప్పి పంపారు. ఈ సంగతి పార్టీలో ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. చెబితే పిలవరు, చెప్పకపోతే మోయాలి. ఇప్పుడు నేను పెద్ద ఆంప్ తీసుకెళ్తానంటే ఆ బరువు అతని గుండె మీద పెట్టినట్టే. చిన్నది తీసుకెళ్తే అతనికి పార్టీలో పనే ఉండదు. రోజంతా ఇదే ఆలోచన. ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఆవిడ మీద విసుక్కున్నాను.

చివరికి మూడింటినీ వరసగా పెట్టి వాయించి చూద్దామని అతన్నే రమ్మన్నాను. మా కింది అంతస్తులో కోచింగుకు వచ్చే ఆడపిల్లల హాస్టలుంది. వాళ్లు పొద్దున క్లాసులకు పోయి భోజనానికి వస్తారు, వాల్వు ఆంప్‌ను నోరు తెరిచి పాడనిచ్చేది ఆ మధ్యలోనే. అతను బడంగ్‌పేట్ నుంచి బస్సులో ఎల్బీ నగర్ వచ్చి, అక్కడ షేర్ ఆటో పట్టుకుని వచ్చాడు. రెండో అంతస్తు దగ్గర మెట్ల మీద కూర్చుని ఊపిరి తీసుకోవడం పైనుంచి చూశాను. చూడనట్టు లోపలికి వచ్చేశాను. అతను వచ్చి ప్లాస్టిక్ కుర్చీ పెట్టెల ముందుకు లాక్కుని కూర్చున్నాడు. "షురూ చెయ్" అన్నాడు.

మొదట అమెరికాది పెట్టాను. మధ్యరకం సైజు, ఒకటే స్పీకరు. పలుకు తియ్యగా ఉంటుంది, లోపల స్ప్రింగులు ఉండటం వల్ల బావిలోకి తొంగి చూసి పాడినట్టు చిన్న మోత కూడా వస్తుంది. సౌండు ఫంక్షన్ హాలుకు సరిపోతుంది. కానీ మన కరెంటు దానికి పడదు, ఓల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ వేరే మోయాలి. అదొక ఇనుప ముద్ద. ఒక చేతిలో ఆంప్, ఇంకో చేతిలో ముద్ద, భుజాన గిటార్, ఇక గేటు తీయడానికి చెయ్యి ఉండదు. ఆటో స్పీడు బ్రేకరు ఎక్కితే స్ప్రింగులు ఖణేల్మంటాయి, పక్కన కూర్చున్నవాళ్లు జరిగి కూర్చుంటారు.

"గిది కొత్తల్లుని లెక్కున్నదిరా," అన్నాడు. "ఒచ్చుడు ఒక్కడే ఒస్తడు, మర్యాదలు ఇద్దరికి చెయ్యాలె."

నవ్వాను. నవ్వి చాలా రోజులైందని అప్పుడు తెలిసింది.

తర్వాత పెద్దది. ఇంగ్లండులో చేసింది, సికింద్రాబాద్‌లో మూతపడిన ఒక క్లబ్బు నుంచి నా దగ్గరికి వచ్చింది. రెండు పెద్ద స్పీకర్లు, వెనక నాలుగు లావుపాటి వాల్వులు. సౌండు తక్కువగా పెడితే అది పలకదు, మూతి ముడుచుకుంటుంది. సగం దాటించాలి. దాటించాను. తీగను మెల్లగా తాకితే తేటగా పలికింది, గట్టిగా మీటితే అంచున కొంచెం జీర వచ్చింది. ఆ జీర కోసమే ఇన్నేళ్లు నడుం విరగ్గొట్టుకున్నాను. కిటికీ అద్దాలు అదిరాయి. వంటింట్లోంచి ఆవిడ, "ఆగుండ్రి, గిన్నెలు కిందికి దించుకోనియ్యుండ్రి" అని అరిచింది. ఎదురుగా అతను కళ్లు మూసుకుని ఉన్నాడు. అతని కుడిచేతి వేళ్లు మోకాలి మీద ఢోలక్ వాయిస్తున్నాయి. పలుకు నచ్చితే అతనికి తెలియకుండానే అలా ఆడతాయి, చిన్నప్పటి నుంచీ అంతే.

పాట సగంలో ఉండగా కింది హాస్టలు మేడమ్ తలుపు కొట్టింది. ఆవిడ గుంటూరు వైపు మనిషి. "ఏవండీ, మా పిల్లలు లేరు సరే, గోడలు కూడా లేవనుకున్నారా?" అంది. ఆపేశాను.

చివరగా చిన్నది. బొంబాయిలో ఎవరో నేర్చుకునేవాళ్ల కోసం కట్టిన పెట్టె, పైన ఒకటే హ్యాండిలు. లోపల సౌండు పెంచే లావు వాల్వు ఒక్కటే, స్పీకరు టిఫిను ప్లేటంత. నిండు బిందె కంటే తేలిక. నలుగురు కూర్చున్న గదిలో ముద్దుగా పలుకుతుంది. పెంచితే మాత్రం గొంతు బొంగురుపోతుంది. ఫంక్షన్ హాల్లో ముందు మైకు పెడితే తప్ప వినపడదు, మైకు పెట్టినా గొంతు వరకే, పొట్టలోంచి రాదు. రెండు పాటలు వాయించాను. అతని వేళ్లు కదల్లేదు.

"ఏదిరా?" అని అడిగాను.

"చిన్నదే."

"ఏంది? గట్ల బొంగురుపోతుంటే చిన్నదెట్లయితది?"

"మైకు వెడ్తే సెట్టయితది. నువ్వు ఎన్క నిలవడి వింటవ్, నీకేం తెలుస్తది? ముంగట కూసొని విన్నోన్ని నేను."

నాకు కోపం ఆగలేదు. "నీ వేళ్లు పెద్దదానికే ఆడినయ్ గదరా."

అతను తన చెయ్యి వైపు చూసుకున్నాడు. చేతులు కట్టుకున్నాడు. "వేళ్లకేం దెల్సు," అన్నాడు.

"పెద్దదానికి చక్రాలు పెట్టిస్తా. నువ్వు ఎత్తుడే వద్దు, ఊకె పక్కపొంటి నడువు."

"చక్రాలు వెట్టినంక ఇగ నన్నెందుకు పిలుస్తర్రా?"

నవ్వుతూనే అన్నాడు. ఇన్నేళ్లలో ఆ మాట పైకి రావడం అదే మొదటిసారి. ఆంప్‌ల స్విచ్చులు ఒక్కొక్కటే కట్టేశాను. వాల్వులు చల్లారేటప్పుడు గాజు టిక్కుటిక్కుమంది.

"పరేషాన్ గాకు," అన్నాడు. "నాకు అలుపొచ్చింది. నీకు గూడొచ్చింది, చెప్తలెవ్వు. ఎవరన్నొకరు దించుమనాలె గదా."

మా ఆవిడ వచ్చి, "అన్నా, బువ్వ తిని పోవాలె" అంది. తిన్నాడు. పప్పు బాగుందన్నాడు.

అతను వెళ్లాక ఓనర్‌కు ఫోన్ చేశాను. ముందు నిలబడి సౌండు విని చెప్పడానికి మనిషి కావాలన్నాను. కావాలంతే అని గట్టిగానే అన్నాను. ఓనర్ చెడ్డవాడేం కాదు. "అన్నా, కారుల ముందట నేనూ, పాడే ఆమె. ఎన్క నువ్వూ, కీబోర్డాయన, నడుమ నీ డబ్బా. మనిషికి జాగేడిది, నువ్వే చెప్పు," అన్నాడు.

ఆదివారం పొద్దున తుర్కయంజాల్‌లో హాఫ్ శారీ ఫంక్షన్. భుజాన గిటార్, చేతిలో చిన్న ఆంప్‌తో కిందికి దిగాను. గేటు దగ్గర అతను నిలబడి ఉన్నాడు. ఫంక్షన్లకు వేసుకునే ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"నువ్వెందుకొచ్చినవ్ రా?"

"ఊకెనే. దవాఖానకు పోవాలె, ఇటే గదా."

ఆదివారం ఓపీ ఉండదని ఇద్దరికీ తెలుసు. కారు మా సందులోకి రాదు, మెయిన్ రోడ్డు మీద మెట్రో పిల్లర్ల కింద ఆగుతుంది. నేను కదలగానే అలవాటు కొద్దీ అతని చెయ్యి పెట్టె అవతలి పక్కకు వచ్చింది. అక్కడ హ్యాండిలు లేదు. చెయ్యి నున్నటి చెక్క మీద జారింది. చేతులు వెనక్కి పెట్టుకుని నా పక్కనే నడిచాడు. దారిలో మోకాళ్ల నొప్పుల గురించి, బడంగ్‌పేట్‌లో నీళ్లు వదిలే టైము గురించి మాట్లాడాడు. నేను ఊఁ కొట్టాను. పెట్టె తేలికే, అయినా చెయ్యి గుంజింది.

కారు వచ్చింది. ఓనర్ లోపలి నుంచే నమస్తే పెట్టి, "బాగున్నవా అన్నా" అన్నాడు. అతను వెనక డోరు తీసి పట్టుకున్నాడు. నేను వంగి ఆంప్‌ను మధ్య సీటు మీదికి చేర్చాను. ఇంకా పూర్తిగా ఆనలేదు.

"దించు," అన్నాడు.

దించాను. అతను నన్ను పక్కకు జరిపి లోపలికి వంగాడు. సీటు బెల్టు బయటికి లాగి, పెట్టె చుట్టూ తెచ్చి, టక్కుమని పెట్టాడు. ఒకసారి గుంజి చూశాడు. "బ్రేకు కొడితే వాల్వులు పగుల్తయ్. ఇట్లుంటే కదలది," అన్నాడు.

నేను పక్కన ఎక్కి కూర్చున్నాను. డోరు అతనే వేశాడు.