కత్తి పక్కన పెట్టి

మా దీవిలో రివియేర్ దు రాంపార్ ఊరి చెరకు తోటల్లో కత్తి పట్టే ముందు కళ్లు మూసుకునే మనిషి మా మేనమామ ఒక్కడే. పొద్దున్నే మేమంతా కత్తులు నూరుకుంటుంటే, ఆయన గట్టు మీద కూర్చుని కాసేపు తన ఊపిరినే గమనించుకునేవాడు. వయసులో ఉన్నప్పుడు కోపమొస్తే చేతులు వణికేవట, నిద్ర పట్టేది కాదట. ఇలా కూర్చోవడం అలవాటయ్యాకే రెండూ కుదుటపడ్డాయని అత్త చెప్పేది.

ఒకసారి మా అందరి తరఫునా గోవిందుడి పండక్కి సెలవడిగితే, మా చేత పని చేయించే సర్దారు ఆయన్ని నానా మాటలూ అన్నాడు. కత్తి మీద మామ పిడికిలి బిగుసుకుంది. మేం రెండడుగులు వెనక్కి వేశాం. ఆయన మాత్రం కత్తి కింద పెట్టి, చెరకు మోళ్ల మధ్యే కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

"ఏం, భయమేసిందా?" అని నవ్వాడు సర్దారు.

మామ తీరిగ్గా లేచాడు.

"నోన్, లేదు సర్దార్. కోపం దిగాలని కూర్చున్నా. రేపు సామి పండగ. మేం రాం."

ఆ గొంతులో వణుకన్నది లేదు.

మర్నాడు ఒక్కరూ చేలో దిగలేదు. సర్దారు ఖాళీ చేను చూసి వెనక్కి వెళ్లిపోయాడు. ఆ మరుసటి పొద్దున నేను కోతకు వెళ్లేసరికి, గట్టు మీద మామ పక్కన కూర్చోవడానికి నాకు చోటే దొరకలేదు.