పుట్టింటి చెలిమె

ఎండాకాలం వస్తే ప్రాణహిత సన్నబడి అవతలి గట్టు వైపు ఒరిగిపోతుంది. ఇవతల మిగిలేదంతా ఇసుక. ఏటికి మరాఠీ సర్కారు వైపున ఉన్న సిరొంచలో మా వాడ ఆడవాళ్లు ఆ ఇసుకలో మోచెయ్యి లోతున గుంట తీసి, మొదట ఊరిన మడ్డి నీళ్లు గిన్నెతో తోడి పారబోసి, కాసేపు పక్కన కూర్చుంటారు. తర్వాత ఊరే నీళ్లు అద్దంలా ఉంటాయి. దాన్ని చెలిమె అంటాం.

వాడలో చేతిపంపు లేక కాదు. మా ఇంటి ముందే ఉండేది. బోరింగు అనేవాళ్లం. దాని నీళ్లకు చిలుము వాసన. బిందె అడుగు ఎర్రబారేది, అన్నం పసుపు రంగు తిరిగేది, పప్పు ఎంతసేపైనా ఉడికేది కాదు. ఏటి నిండా నీళ్లున్న ఊరికి ఇలాంటి పంపు ఒకటి పాతిపెట్టి, పని అయిపోయిందని వెళ్లిపోయారు. అందుకే ఇంట్లో తిరిగే మనుషులం బోరింగు నీళ్లు తాగేవాళ్లం. చుట్టం వచ్చినా, ముసలివాళ్లు మంచం పట్టినా, ఆడపిల్ల పురిటికి వచ్చినా వాళ్లకు చెలిమె నీళ్లు. అది మా మర్యాద.

రెండు వేల సంవత్సరం దాటిన తొలినాళ్లలో, ఎండలు ముదిరే వేళ, మా బిడ్డ తొలి కాన్పుకు అత్తగారి ఊరు బామ్ని నుంచి ఇంటికి వచ్చింది. నా భార్య రోజూ తెల్లవారకముందే ఏటికి పోయి ఒక బిందె చెలిమె నీళ్లు తెచ్చి, మూతపెట్టి, ఇంకెవరినీ ముట్టనిచ్చేది కాదు.

"నాకో గ్లాసెడు ఇయ్యరాదు?" అని అడిగాను ఒకరోజు.

"నీకేమయితది? బండ పానం. బోరింగు కాడికి పో. కడుపుతోని ఉన్న పిల్లకు ఆ చిలుము నీళ్లు ఎట్ల తాపాలె?"

"తాగనీ అవ్వా, బాపు మొకం చూడు ఎట్ల పెట్టిండో," అని బిడ్డ తల్లిని చూసి నవ్వింది.

"ఆయన మొకం పెండ్లినాటి సంది గంతే."

నెల తిరగకముందే పిల్ల అన్నం చూస్తే మొహం తిప్పుకోవడం మొదలుపెట్టింది. కడుపుతో ఉన్నవాళ్లకు అది మామూలే అనుకున్నాం. తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లు. జింగనూర్ వైపు నుంచి పసరు తెప్పించాం. ఉప్పు, నూనె మాన్పించాం. పసరు మింగడానికి కూడా చెలిమె నీళ్లే. ఇంకా ఎక్కువ తాగాలని మా ఆవిడ రెండో బిందె కూడా మోసుకొచ్చింది.

పిల్ల ఒకనాడు తల్లిని గుర్తుపట్టలేదు. ఇక్కడి దవాఖానలో చూసి, వెంటనే నది దాటించి వరంగల్ తీసుకుపొమ్మన్నారు. అప్పటికి వంతెన లేదు. నులక మంచం మీద పడుకోబెట్టి ఇసుకలో నడిచాం, పడవ ఎక్కించాం, అవతల జీపు మాట్లాడుకున్నాం. పడవలో పిల్ల దాహానికి నాలుక చాపింది. మా ఆవిడ వెంట తెచ్చిన చెంబులోంచి చెలిమె నీళ్లు చెంచాతో నోట్లో పోసింది.

వరంగల్‌లో డాక్టరు కళ్లు చూసి, కడుపు నొక్కి, ఇంట్లో ఏ నీళ్లు తాగుతారని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా మా ఆవిడే చెప్పింది.

"మంచి నీళ్లే సారూ. రోజు పొద్దుగాల్ల ఏట్ల చెలిమె తీసి తెస్త. బోరింగు నీళ్లు ఒక్క చుక్క గూడ తాగనియ్యలే."

ఆ ఏటిలో మోరీ మురుగు ఏమైనా కలుస్తుందా అని ఆయన అడిగాడు. ఆమె నా వైపు చూసింది. కలుస్తుంది. అంతకుముందు ఏడాది ఒక కాంట్రాక్టరు పై వాడల మోరీలన్నిటినీ ఒకే కాలువలోకి మళ్లించి, మా ఇసుకకు ఎగువన ఏట్లో వదిలాడు. కొబ్బరికాయ కొట్టారు, పేడా మిఠాయి పంచారు. వాడల్లో కంపు పోయిందని అందరం సంతోషించాం. ఆ నల్లటి నీళ్లు కొంత దూరం పారి ఇసుకలో ఇంకిపోయేవి. ఇంకింది పోయినట్టే అని మా లెక్క. ఎక్కడికి పోతుందని కాలువ తవ్వించిన చదువుకున్నవాళ్లూ అడగలేదు.

పిల్ల బతికింది. లోపలి బిడ్డ బతకలేదు. మగపిల్లవాడు.

తిరిగి వచ్చాక పక్కింటి సైకిల్ దుకాణం భాయ్ పలకరించడానికి వచ్చాడు. కూర్చుని తన అల్లుడి సంగతి చెప్పాడు: "మా దామాద్‌కు గూడ గదే బీమారి అన్నా. ఈద్‌కు వచ్చి పండిండు. విచిత్రం చూడు, మాకెవ్వరికి ఏం గాలే. ఆయనకే ఏటి నీళ్లు తెచ్చి పోసినం, ఇజ్జత్ కోసం."

అప్పుడు ఒక్కొక్క ఇల్లూ తలుచుకున్నాను. ఒక ఇంట్లో మంచాన ఉన్న ముసలామె, ఇంకో ఇంట్లో పురిటికి వచ్చిన పిల్ల. ఏ ఇంట్లో ఎవరిని ఎక్కువ అపురూపంగా చూసుకున్నారో వాళ్లే పచ్చబడ్డారు. లోపల కూర్చున్న మా ఆవిడ కూడా ఆ మాట విన్నది. బయటికి రాలేదు.

కొన్నాళ్లకు సర్కారు నుంచి మందు చల్లేవాళ్లు వచ్చి పై వాడల చేదబావుల్లో తెల్లపొడి పోశారు. బోరింగు నీళ్లు సీసాలో పట్టుకున్నారు. ఏట్లోకి వచ్చి చెలిమెలు చూడమన్నాను. చెలిమె అంటే ఆ మరాఠీవాళ్లకు తెలియలేదు. నాకు తెలుగు పొట్లం కాగితాల మీద, మరాఠీ బస్సు బోర్డుల మీద వచ్చిన చదువు. వచ్చినంత మరాఠీలో మోరీ గురించి చెప్పాను. అది తమ డిపార్టుమెంటు కాదన్నారు. ఎవరిదని అడిగితే జీపు ఎక్కారు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

మా ఆవిడ మాత్రం బిందె ఎత్తుకుంది. మరుసటి ఎండాకాలం, వాడలో ఏ ఇంటికి ఆడపిల్ల పురిటికి వచ్చినా, బోరింగు నీళ్లు మరగబెట్టి, గుడ్డతో వడగట్టి ఆ ఇంటికి మోసేది. "నీ బిడ్డ రాత గట్లున్నదక్కా, నీళ్లేం జేస్తయ్," అనేవాళ్లు. మర్యాదగా బిందె అందుకునేవాళ్లు. ఆమె మలుపు తిరిగాక బర్రె తొట్టిలో పోసేవాళ్లు. ఆమెకు తెలుసు. అయినా మర్నాడు మళ్లీ మోసేది.

మా బిడ్డ రెండోసారి నీళ్లోసుకుంది. పురిటికి తీసుకురావడానికి నేను బామ్ని పోయాను. వియ్యపురాలు మంచం వేసి, చాయ్ ఇచ్చి, నెమ్మదిగా చెప్పింది: "కోపం చెయ్యకు అన్నా. ఈసారి పిల్లను పంపం. మీ ఊరి నీళ్లు మాకు అచ్చిరాలే."

ఇంటికి వచ్చి ఆ మాట ఎలా చెప్పాలో తోచక గుమ్మంలో నిలబడ్డాను. వచ్చింది నేనొక్కడినే అని ఆమె చూసింది. "మంచిగయింది," అని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

ఆడపిల్ల పుట్టిందని కబురు వచ్చాక ఇద్దరం వెళ్లాం. అరుగు మీద కూర్చోగానే వియ్యపురాలు చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. మా ఆవిడ చెంబు అందుకుంది కానీ తాగలేదు. చుట్టాలింట్లో ఇచ్చిన నీళ్ల గురించి అడగకూడదు. ఆమె అడిగింది.

"ఏ నీళ్లు వదినా?"

వియ్యపురాలు చిన్నబుచ్చుకోలేదు. "బోరింగువే. కాగబెట్టి చల్లార్చిన. నీ బిడ్డ గూడ గవే తాగుతాంది."

మా ఆవిడ చెంబెత్తి గుక్క తిప్పుకోకుండా తాగింది. తర్వాత లోపలికి వెళ్లి పసిదాన్ని ఎత్తుకుని, వెలుతురులోకి తెచ్చి, ముందు కళ్లు చూసింది.