గుమ్మడిపువ్వుకు పెళ్ళికొడుకు

మాటలకు మొహం వాచిపోవడం ముసలితనంలో వచ్చే జబ్బు అనుకుంటాం గానీ, నాకది ఇరవయ్యేళ్ళు దాటగానే పట్టుకుంది. ఆ రోజుల్లో నేను బెంగళూరు పీణ్యలో ఒక చిన్న మెషిన్ షాపులో బోల్టుల కొలతలు సరిచూసే పని చేసేదాన్ని. తెనాలి పక్క పల్లె నుంచి వచ్చినదాన్ని, కన్నడం అంతంత మాత్రం. ఒక ఇంటి వెనక ఒంటి గది, దాన్ని ఆనుకుని నులకమంచం పట్టేంత పెరడు. శనివారం సాయంత్రం షాపులో "వెళ్ళొస్తాను" అంటే అదే ఆఖరి మాట, మళ్ళీ సోమవారం దాకా నోటికి సెలవు. (అమ్మ ఫోన్ చేసేది గానీ, అందులో నా వంతు ఊఁ కొట్టడమే.) సోమవారం పొద్దున్నే సూపర్‌వైజర్‌కు నమస్కారం చెప్పబోతే గొంతులోంచి కప్ప అరుపు వచ్చేది. పాపం ఆయన, నాకు ప్రతి ఆదివారం జలుబు చేస్తుందనుకునేవాడు.

వానలు మొదలైనప్పుడు, కూరకు తెచ్చిన గుమ్మడి ముక్కలోని గింజలు పెరట్లో విసిరేశాను. ఒకటి మొలిచింది. నెల తిరిగేసరికి తీగ గోడెక్కి, ఇత్తడి బాకాల్లాంటి పూలు పూసింది. నా ఆనందం అంతా ఇంతా కాదు. కానీ పువ్వు కింద గోలీకాయంత పిందె కనిపించడం, అది పసుపు పట్టి రాలిపోవడం, ఇదే వరస. అమ్మకు చెప్పాను. "మగపూలు లేవేమోనే. మగపువ్వు తెచ్చి ఆడపువ్వుకు రాస్తేనే కాయ నిలబడుతుంది" అంది. మర్నాడు తెల్లవారకముందే కాపలా కాస్తే తెలిసింది, మా గోడ మీది ఉడుత మగపూలనే ఏరుకుని, రెండు చేతులతో పట్టుకుని, అప్పడంలా నమిలేస్తోంది. నన్ను చూసి కూడా తొందరపడలేదు. నిజం చెప్పొద్దూ, ఆ వారంలో నా వంక అంతసేపు చూసిన ప్రాణి అదొక్కటే.

తీగకు ఇక ఒక్క ఆడమొగ్గే మిగిలింది. అది విచ్చుకున్న పొద్దున, ఎండ ముదిరితే ముడుచుకుపోతుందని, మగపువ్వు కోసం వీధిలో పడ్డాను. పక్కవీధిలో ఒకరింటి వాకిట్లో పూలకుండీలు కనిపించి గ్రిల్లు తట్టాను. కన్నడంలో 'గండు' అంటే మగ, 'గండ' అంటే మొగుడు. కంగారులో కొమ్ము ఎగిరిపోయింది, పువ్వు సంగతి అసలే మరిచిపోయాను. "గండ బేకు ఆంటీ, ఒందు సాకు" అన్నాను. అంటే, మొగుడు కావాలి, ఒకడు చాలు అని. ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసి, లోపల పేపరు చదువుతున్న భర్తను చూసి, తలుపు వేసేసుకుంది.

పక్కింటి అరుగు మీద ఒక మీసాల తాత నవ్వలేక నవ్వలేక దగ్గుతున్నాడు. "తెలుగోళ్ళ బిడ్డవా? పొద్దున్నే మొగుణ్ణి ఎతుక్కుంటా ఉండావే" అన్నాడు.

"పువ్వు తాతా, గుమ్మడి మగపువ్వు" అన్నాను, ఏడుపొక్కటే తక్కువ.

"మా ఇంటి రేకుల కప్పు మీద బోలెడుండాయి, రా." రెండు కోసిచ్చి, "బిరబిరా పో. కాయ నిలిచినాక నాకు చూపించల్ల, పెండ్లిపెద్దను నేనే కదా" అన్నాడు.

ఆ రోజు షాపుకు ఆలస్యంగా వెళ్తే సూపర్‌వైజర్ కారణమడిగాడు. పెళ్ళి ఉండింది సార్ అన్నాను.

కాయ నిలిచింది. సాయంత్రాలు దాని పక్కన కూర్చుని షాపు కబుర్లన్నీ చెప్పేదాన్ని. దసరా నాటికి రెండు చేతులా ఎత్తాల్సినంత అయింది. కోసి తెచ్చి, గదిలో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చోబెట్టాను. అంత కాయ ఒక్కదాన్నే ఏం తింటాననేది పైకి చెప్పుకున్న సాకు. తరిగేస్తే ఎవరితో మాట్లాడను అన్నది అసలు సంగతి. అమ్మ "వండావా?" అంటే "ఇంకా పండాలి" అనేదాన్ని.

ఒక ఆదివారం మీసాల తాత అడ్రసు వాకబు చేసుకుని వచ్చేశాడు. ఆ గదికి వచ్చిన మొదటి చుట్టం. కూర్చోమనబోయి ఆగిపోయాను. కుర్చీలో గుమ్మడికాయ, దానికి చలేస్తుందని నేను కప్పిన తువ్వాలు. తాత దాన్ని చూశాడు, నన్ను చూశాడు. ఈసారి నవ్వలేదు.

"ఒక్కదానివే ఉండావా ఈడ?"

"ఊఁ."

ఆయన గడప మీదే కూలబడి కాసేపు మీసం దువ్వుకున్నాడు. "కోసెయ్ తల్లీ. అది ఆ కుర్చీలో ఉన్నన్నాళ్ళూ ఇంకో మనిషి కూర్చునేదానికి చోటుండదు కదప్పా" అన్నాడు.

ఆయన ఎదుటే కోశాను. కళ్ళు చెమర్చితే, ఉల్లిపాయ అనడానికి అక్కడ ఉల్లిపాయ కూడా లేదు. సగం తాతకిచ్చాను, మిగతాది వారమంతా పులుసు పెట్టుకుని తిన్నాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం స్నానం చేసి, ఆ ఖాళీ కుర్చీని తుడిచి, తలుపుకు ఎదురుగా వేసి, నేను కింద కూర్చునేదాన్ని. తాత కొడుకుతో పాటు ఆనేకల్ వెళ్ళిపోయాడని తర్వాత తెలిసింది. ఇంకెవరూ రాలేదు. అయినా తుడవడం మానలేదు. ఇన్నేళ్ళ తర్వాత, కుర్చీ తుడుచుకునే ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. వీలుంటే ఏదో ఒక ఆదివారం వెళ్ళి, ఆ కుర్చీలో కూర్చుని, నాలుగు మాటలు మాట్లాడి రావాలనిపిస్తుంది.