మేస్త్రి గారు బ్రష్షు పట్టిన రోజులు

మా ల్యాబ్ మేస్త్రి గారు గత ఆదివారం తెల్లవారుజామున నిద్రలోనే కన్నుమూశారు. చర్చికి వేసుకెళ్లాల్సిన చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టుకున్నారట. ఏ బాధా పడలేదని ఆయన కూతురు ఫోనులో చెప్పింది.

నేను సముద్రపు ప్రవాహాల మీద పనిచేస్తాను. విశాఖ తీరానికి కొద్ది దూరంలో నీటి అడుగుకు, ప్రవాహం తోస్తే తిరిగే రెక్కలున్న మీటర్లు దించి, నీరు ఎటు పోతోందో, ఎంత వేగంగా పోతోందో నమోదు చేస్తాం. ఆ మీటర్లను పైకి తీసి విప్పడం, కడగడం, బాగుచేసి మళ్లీ దించడం మేస్త్రి గారి పని. గాజువాక నుంచి షేర్ ఆటోలో వచ్చేవారు. చొక్కా జేబులో పెన్ను పక్కనే ఒక పాత టూత్‌బ్రష్షు ఉండేది. మీటరును బల్ల మీద పెట్టే ముందు తువ్వాలు పరిచేవారు. ఎవరైనా దభీమని పెడితే, "నెమ్మదిగా బాబూ, ఇన్నాళ్లూ నీళ్లలో నిలబడి పని సేసొచ్చింది" అనేవారు.

కొన్నేళ్ల కిందట ఆ కొలతలన్నీ ఒక న్యూరల్ నెట్‌వర్క్‌కు ఇచ్చాను. లక్షల అంకెలు చూసి, మన కంటికి ఆనని పోలికలను తనంతట తానే పట్టుకునే ప్రోగ్రాము అది. నెలల తరబడి నడిపాక ఒక లయ కనిపించింది. అడుగు ప్రవాహం కొన్ని వారాల పాటు కొద్దికొద్దిగా నెమ్మదిస్తుంది, ఆపైన ఒక్క రోజులో మళ్లీ పుంజుకుంటుంది. ఎవరూ ఇంతవరకు చెప్పని సంగతి! ఒక సదస్సుకు వ్యాసం పంపితే ఒప్పుకున్నారు. మధురవాడలో మా అపార్ట్‌మెంట్ అంతటికీ స్వీట్లు పంచాను.

ప్రయాణానికి వారం ముందు ఆ గ్రాఫు మేస్త్రి గారికి చూపించాను. కళ్లజోడు సర్దుకుని తెర మీదికి వంగారు.

"ఈ గీత ఒక్కసారి పైకి లేసింది సూడండి, అది ఏ తారీకమ్మా?"

చెప్పాను. ఆయన వెళ్లి, అట్ట ఊడిన నోటు పుస్తకం తెచ్చారు. ఇంకో తారీకు అడిగారు, తర్వాత మరొకటి. ప్రతిసారీ పేజీ మీద వేలు ఎక్కడో ఒకచోట ఆగింది.

"ఏమైంది మేస్త్రి గారూ?"

"ఇవన్నీ నాను మీటరు పైకి తీసి కడిగిన రోజులమ్మా. అడుగునుంటే రెక్కలకి గుల్లలు పట్టేత్తాయి. పట్టీకొద్దీ తిరగడం తగ్గుద్ది. కడిగేత్తే మళ్లీ గిర్రున తిరుగుద్ది." గ్రాఫు వైపు మరోసారి చూశారు. "మీ మెషీను నాను బ్రష్షు పట్టుకున్న రోజులన్నీ కనిపెట్టీసింది!"

నాకు ఏడుపొచ్చింది. ఆయన స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నారు.

"దాని తప్పేటుంది? దానికి కనబడింది అది సెప్పింది. కనబడనిది మనమే సెప్పాల గదా."

మర్నాడే వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని రాశాను. మొహం చెల్లక రెండు రోజులు సెలవు పెట్టాను. మూడో రోజు వెళ్లేసరికి నా బల్ల మీద మరో ఏడు నోటు పుస్తకాలున్నాయి, వాటి వెనక మేస్త్రి గారు.

"రాసుకోండి, నాను సదువుతాను."

నెల పైనే చదివారు. ఏ మీటరు ఎప్పుడు తీశారో, ఎంత గుల్ల పట్టిందో, ఏ రెక్క వంగిందో అన్నీ అందులో ఉన్నాయి. మధ్యాహ్నం ఆయన క్యారేజీలో చేపల పులుసు ఇద్దరికీ సరిపోయేది. ఆ వివరాలతో కొలతలు సరిదిద్ది, నెట్‌వర్క్‌కు మొదటి నుంచి మళ్లీ నేర్పాను. నేను మురిసిపోయిన లయ పూర్తిగా మాయమైంది. చాలా సన్నగా మరొకటి మిగిలింది. రుతుపవనాలు మారే రోజుల్లో, తీరం వెంబడి ఒక సన్నని పట్టీలో నీరు, బయటి సముద్రపు ప్రవాహానికి ఎదురు దిశలో పోతోంది.

ఈసారి స్వీట్లు పంచలేదు. "ఎల్లి సూద్దాం" అన్నారాయన. ఆ రోజుల కోసం ఆగి, గాలి లేని ఒక ఉదయం జాలరిపేటలో పడవ మాట్లాడుకుని వెళ్లాం. నిలువుగా తేలేలా అడుగున కాస్త ఇసక పోసి మూత బిగించిన సీసాలకు ఎర్ర గుడ్డలు కట్టి, ఒడ్డుకు దగ్గరగా కొన్ని, దూరంగా కొన్ని వదిలాం. గంట గడిచేసరికి దూరంగా వేసినవి ఒకవైపు, దగ్గరగా వేసినవి రెండోవైపు సాగిపోతున్నాయి. మేస్త్రి గారు పడవలో లేచి నిలబడ్డారు.

"కూకో మావా, పడిపోతావ్!" అని పడవతను అరిచాడు.

ఆయన వినలేదు. "సూసినారా అమ్మా! ఇది నా బ్రష్షు కాదు, నిజంగా సముద్రమే!"

సీసాలన్నీ ఏరుకునే దాకా వెనక్కి రానివ్వలేదు.

కొత్త వ్యాసం మీద నా పేరు పక్కన ఆయన పేరూ వేస్తానన్నాను. మొహమాటపడతారనుకున్నాను. "ఇంటిపేరు కూడా ఎయ్యండమ్మా, మా వీధిలో నా పేరోళ్లు ముగ్గురున్నారు" అన్నారు.

ఇప్పుడు నా విద్యార్థులు ఏదైనా కొత్త నమూనా పట్టుకొస్తే, ముందు మీటరు ఎవరు కడిగారో కనుక్కుని రమ్మంటాను. వాళ్లు నవ్వుకుంటారు కానీ వెళ్లి అడుగుతారు.

మేస్త్రి గారిని సాగనంపి సమాధుల తోట నుంచి తిరిగొచ్చాక, ఆయన భార్య నన్ను వాళ్ల ఇంటి మెట్ల మీద పక్కన కూర్చోబెట్టుకున్నారు. "ఆయన అక్కడ ఏటి సేసీవోరమ్మా? ఎప్పుడడిగినా సముద్రం కడుగుతన్నాననీవోరు" అన్నారు. గుల్లల సంగతి, నా ఏడుపు, సీసాల సంగతి అన్నీ చెప్పాను. పడవలో లేచి నిలబడ్డారనేసరికి, "ఈత రాదమ్మా ఆయనకి!" అంటూ తెల్లచీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేశారు. కళ్లు తుడుచుకుని లోపలికి తిరిగి, "ఇలగ రండే, మీ నాన్న ఏటి సేసినారో ఇనండి" అని పిలిచారు. కూతుళ్లు, పక్కింటి ఆడవాళ్లు తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి మెట్ల మీద ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. నేను మొదటి నుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టాను.